రిటైరయ్యాక టైమ్ ఉంది, మరి ప్రార్థన ఎందుకు కుదరట్లేదు?

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యేసరికి మన సంఘాల్లో ఏటా ఒక మాట వినిపిస్తుంది. "ఉద్యోగం అయిపోయింది, పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి, ఇంక రోజుకు ఒక గంట ప్రార్థనలో గడపడానికి మీకేం అడ్డం?" అడిగేవాళ్లు మంచి మనసుతోనే అడుగుతారు. వినే పెద్దవాళ్లలో చాలామందికి మాత్రం లోపల ఒక గిల్టీ ఫీలింగ్. బడి గంటకు ముందో, డ్యూటీకి బయల్దేరే ముందో హడావుడిగా చేసుకున్న పది నిమిషాల ప్రార్థన అన్నేళ్లూ బాగానే సాగింది. ఇప్పుడు రోజంతా చేతిలో ఉంది, తీరా మోకరిస్తే నిద్రో, నొప్పో, కరెంటు బిల్లు కట్టామా లేదా అన్న ఆలోచనో వచ్చి కూర్చుంటోంది.

"నా విశ్వాసం తగ్గిపోయిందా అయ్యగారూ" అని పాస్టరు గారిని అడిగేవాళ్లు ఉన్నారు, అడగలేక ఊరుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. ఇందులో విశ్వాసం సంగతి కొంత, ఒంటి సంగతి కొంత, ఏ సంఘంలో పెరిగాం అన్నది కొంత కలిసిపోయి ఉన్నాయి. అవన్నీ ఒకే సమస్యలా కనిపించడం వల్లే ఇంత తికమక.

ప్రార్థన అన్నప్పుడు మనవాళ్లు ఏమేం అంటున్నారు

ముందు మాటలు తేల్చుకుందాం. ఒక్కరే కూర్చుని చేసుకునేది వ్యక్తిగత ప్రార్థన. రాత్రి భోజనాలకు ముందో తర్వాతో ఇంటిల్లిపాదీ కూర్చుంటే కుటుంబ ప్రార్థన. మందిరంలో అందరితో కలిసి చేసేది సంఘ ప్రార్థన. లోపల ఉండేదాన్ని బట్టి చూస్తే దేవుణ్ని పొగిడేది స్తుతి, జరిగిన మేలుకు చెప్పేది కృతజ్ఞత, తప్పు ఒప్పుకునేది ఒప్పుకోలు, ఇంకొకరి కోసం అడిగేది విజ్ఞాపన. వాక్యం ఒకటి తీసుకుని దాని మీదే మనసు నిలపడం ధ్యానం.

ఇంకో విభజన కూడా ఉంది, పెద్ద వయసులో అసలు తేడా తెచ్చేది అదే. సొంత మాటలతో అప్పటికప్పుడు చేసే ప్రార్థన ఒకటి, ముందే రాసి ఉన్నదాన్ని చదివే లేదా కంఠతా చెప్పే ప్రార్థన ఇంకొకటి. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు సంఘాల్లో, బ్రదరెన్ సహవాసాల్లో, హెబ్రోను సహవాసాల్లో, పెంతెకొస్తు మందిరాల్లో పెరిగినవాళ్లకు మొదటిదే ప్రార్థన. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల్లో ఆదివారం ఆరాధన క్రమం పుస్తకం చేతిలో ఉంటుంది, ఇంట్లో మాత్రం ఎక్కువమంది సొంత మాటలతోనే చేసుకుంటారు. ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలిక ఇళ్లలో పరలోక జపం, మంగళవార్త జపం, జపమాల అన్నీ నోటికి వచ్చి ఉంటాయి.

కాబట్టి "రోజూ ప్రార్థన చేస్తున్నారా" అన్న ఒకే ప్రశ్నకు గుంటూరులో ఒక లూథరన్ టీచరమ్మ, గుణదలలో ఒక కతోలిక తాతగారు, హైదరాబాదులో ఒక పెంతెకొస్తు అమ్మగారు మూడు వేరే వేరే పనుల్ని మనసులో పెట్టుకుని జవాబు చెబుతారు. అందరికీ ఒకే గంట లెక్క చెబితే ఎక్కడో ఒకచోట తేడా కొట్టక తప్పదు.

ఒంట్లో వచ్చే మార్పులు ప్రార్థన మీద ఎలా పడతాయి

వయసు పెరిగేకొద్దీ నిద్రవేళ ముందుకు జరుగుతుంది. రాత్రి తొమ్మిదికే కళ్లు మూతలు పడతాయి, తెల్లవారుజామున మూడున్నరకో నాలుగుకో మెలకువ వచ్చేస్తుంది. గాఢ నిద్ర తగ్గుతుంది, మధ్యలో బాత్రూమ్‌కు లేవడం పెరుగుతుంది. ఇది మామూలు మార్పే. పదిన్నరకు సీరియళ్లన్నీ అయ్యాక కుటుంబ ప్రార్థన పెడితే తాతగారు కునికిపాట్లు పడేది అందుకే. అదే తాతగారు తెల్లవారుజామున నాలుగింటికి ఒక్కరే లేచి కూర్చున్నప్పుడు మనసు నిర్మలంగా ఉంటుంది. ఆ మెలకువను కొందరు "దేవుడు లేపాడు" అంటారు, డాక్టరు శరీర గడియారం మారింది అంటాడు. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

తర్వాత మోకాళ్లు. మోకరించడం తెలుగు క్రైస్తవుల్లో చాలా లోతుగా నాటుకున్న అలవాటు, కుర్చీలో కూర్చుని ప్రార్థించడం బద్ధకంగా అనిపించేంత. అరుగుదల ఉన్న మోకాళ్లకు, కీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకు అది చాలా కష్టం. బీపీ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. చాలాసేపు కిందకి వంగి ఉండి ఒక్కసారిగా లేస్తే కళ్లు బైర్లు కమ్మి తూలుతారు. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు గాని కింది బీపీ 10 పాయింట్లు గాని పడిపోతే వైద్యులు దాన్ని ఒక సమస్యగానే లెక్కేస్తారు. డెబ్బై అయిదేళ్ల మనిషి ప్రార్థన ముగించి "ఆమేన్" అని లేస్తూ మంచం కోడుకు తల తగిలించుకున్నారంటే కారణం తరచూ ఇదే.

మరి బైబిల్లో ఏముంది? మోకరించినవాళ్లు ఉన్నారు, సొలొమోను, దానియేలు. దావీదు దేవుని సన్నిధిలో కూర్చుని ప్రార్థించాడని సమూయేలు రెండో గ్రంథం 7వ అధ్యాయం చెబుతుంది. హిజ్కియా జబ్బుపడి మంచం మీద ఉండి, గోడవైపు ముఖం తిప్పుకుని ప్రార్థించాడు. ఎనభై దాటిన మోషే అమాలేకీయులతో యుద్ధం జరిగేటప్పుడు చేతులు ఎత్తి ఉంచలేకపోతే, అహరోను, హూరు ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టి చెరో చెయ్యీ పట్టుకున్నారు. పెద్దాయనకు కుర్చీ వేసి, ఇద్దరు మనుషులు చేతులు పట్టుకున్న సంగతి నిర్గమకాండం 17వ అధ్యాయంలో అంత వివరంగా ఉంది. ఈ భాగం మీద విన్న ప్రసంగాల్లో చేతులు ఎత్తడం గురించే ఎక్కువ చెబుతారు, ఆ రాయి సంగతి ఎవరూ పట్టించుకోరు!

కళ్లు, చెవులు సంగతి త్వరగా చెప్పేసుకోవచ్చు. శుక్లం వచ్చిన కళ్లకు పాత బైబిలు సన్న అక్షరాలు ఆనవు, పెద్ద అక్షరాల బైబిళ్లు ఉన్నాయి, ఫోన్లో అక్షరాలు పెంచుకోవచ్చు, తెలుగు ఆడియో బైబిలు వినొచ్చు. చెవుడు వచ్చినవాళ్ల ఇబ్బంది ఎక్కువగా గుంపు ప్రార్థనలో బయటపడుతుంది. అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థించే చోట వినికిడి మెషిన్ పెట్టుకున్న మనిషికి ఒక్క మాటా విడిగా వినిపించదు, వట్టి హోరు.

గంట లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

గెత్సేమనేలో యేసు శిష్యుల్ని ఒక్క గంట కూడా మేలుకుని ఉండలేరా అని అడిగిన మాటను చాలామంది బోధకులు రోజూ గంట ప్రార్థనకు ఆధారంగా చూపిస్తారు. ఆ మాట రోజువారీ నియమంగా చెప్పిందేనా అంటే, ఆ సందర్భం అలా లేదు, అది ఒక భయంకరమైన రాత్రి. అలాగని గంటసేపు ప్రార్థించడం తప్పని కాదు. ఎంతోమందిని నిలబెట్టిన అలవాటు అది. కాకపోతే క్రైస్తవ చరిత్రలో ఉన్న ఒకే ఒక్క కొలత అది కాదు.

దానియేలు రోజుకు మూడుసార్లు ప్రార్థించేవాడు. సింహాల గుహ సంఘటన నాటికి ఆయనకు ఎనభై దరిదాపుల్లో వయసు ఉంటుందని వ్యాఖ్యాతలు లెక్క కడతారు, సండే స్కూల్ బొమ్మల్లో మాత్రం నూనూగు మీసాల కుర్రాడిలా ఉంటాడు. 119వ కీర్తనలో దినమునకు ఏడుసార్లు స్తుతించే మాట ఉంది. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు తన సన్యాసులకు రాసిన నియమావళిలో ఆ ఏడు వేళలూ, వాటికి తోడు రాత్రి వేళా పెట్టి, వారంలో 150 కీర్తనలూ పూర్తయ్యేలా ఏర్పాటు చేశాడు. అంత కట్టుదిట్టంగా ఉన్న ఆ నియమావళిలోనే 20వ అధ్యాయం ప్రార్థన పొట్టిగా, స్వచ్ఛంగా ఉండాలంటుంది, దేవుని కృప కదిలించి పొడిగిస్తే తప్ప. 37వ అధ్యాయం పూర్తిగా ముసలివాళ్ల గురించీ పిల్లల గురించీ. వాళ్ల బలహీనతను ఎప్పుడూ గమనంలో ఉంచుకోవాలనీ, భోజన నియమాలు వాళ్లకు కఠినంగా వర్తింపజేయకూడదనీ, వేళకు ముందే తిననివ్వాలనీ రాశాడు.

1549లో ఇంగ్లండులో ఆర్చిబిషప్ క్రాన్మర్ ఆ పలు వేళల్ని సామాన్యులకు వీలుగా రెండుకు కుదించాడు, ఉదయ ప్రార్థన, సాయంత్ర ప్రార్థన. ఆ ఆంగ్లికన్ వారసత్వమే 1947లో ఏర్పడిన సీఎస్ఐ ద్వారా దోర్నకల్ దాకా, కృష్ణా గోదావరి దాకా ఇప్పటికీ ఉంది. అంతకు ముందే, 1529లో, మార్టిన్ లూథర్ ఇళ్ల కోసం రాసిన చిన్న బోధ పుస్తకంలో ఉదయం లేవగానే విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన, ఒక పొట్టి ప్రార్థన చెప్పుకుని, పాట పాడుకుంటూ సంతోషంగా పనికి వెళ్లమన్నాడు. రాత్రి కూడా అంతే, ఆపైన వెంటనే హాయిగా పడుకోమన్నాడు. గడియారం పెట్టి చూస్తే మూడు నాలుగు నిమిషాలు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది ప్రోబా అనే ఆవిడ సంగతి. రోములో గొప్పింటి విధవరాలు, మనవరాలు ఉన్న మనిషి. 410లో గోత్ జాతివాళ్లు రోము నగరాన్ని దోచుకున్నాక ఇంటివాళ్లను వెంటబెట్టుకుని ఉత్తర ఆఫ్రికాకు వచ్చేసింది. ఎలా ప్రార్థించాలో చెప్పమని హిప్పో బిషప్పు అగస్టీనును అడిగితే, 412 ప్రాంతంలో ఆయన ఒక పెద్ద ఉత్తరం రాశాడు. ఎక్కువసేపు ప్రార్థించడం వేరు, ఎక్కువ మాటలు మాట్లాడటం వేరు అన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఐగుప్తులోని సన్యాసులు చాలా పొట్టి ప్రార్థనల్ని మాటిమాటికీ బాణాల్లా వదులుతారనీ, ధ్యాస చెదరకుండా ఉండటానికే అలా చేస్తారనీ చెప్పాడు. ఆ కాలపువాడే అయిన కాసియన్ అనే సన్యాసి అయితే ఒకే వాక్యాన్ని రోజంతా, పనిలోనూ నడకలోనూ మెలకువ వచ్చినప్పుడూ చెప్పుకునే పద్ధతిని వివరించాడు. అది 70వ కీర్తన మొదటి వచనం, దేవా నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము అన్న మాట.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ టీచరమ్మ అనుకోండి. ఉదయం ఆరింటికి గంటసేపు కూర్చోవాలని పెట్టుకుంది. మొదటి పదిహేను నిమిషాలు బాగుంటుంది, తర్వాత నడుం లాగుతుంది, పాలవాడు వస్తాడు, మనవడికి టిఫిన్ బాక్సు. వారంలో రెండు రోజులు కుదిరితే అయిదు రోజులు "ఫెయిల్". అదే మనిషి లేవగానే ఒక కీర్తన, మధ్యాహ్నం మాత్రలు వేసుకునేటప్పుడు ప్రభువు ప్రార్థన, సాయంత్రం డాబా మీద నడుస్తూ ముగ్గురి పేర్లతో విజ్ఞాపన, పడుకునే ముందు కృతజ్ఞత అనుకుంటే, అన్నీ కలిపినా పాతిక నిమిషాలు దాటదు. గంట వైపు ఉన్నవాళ్లు దీనికి చెప్పే అభ్యంతరం న్యాయమైనదే. పొట్టి ప్రార్థనల్లో అలవాటుగా పెదాలు కదలడమే మిగిలే ప్రమాదం ఉంది, మనసు లోతుకు దిగాలంటే తీరిగ్గా కూర్చునే సమయం ఉండాలి అంటారు. బెనెడిక్టు వైపు జవాబు ఏమిటంటే, రోజూ తెరిచి ఉంచిన తలుపులోంచే ఆ తీరిక కూడా వస్తుంది అని.

చదివే ప్రార్థన ప్రార్థనేనా

ఈ వాదన మన దగ్గర చాలా పాతది, పెళ్లి సంబంధాల దాకా వెళ్లిన ఇళ్లు కూడా ఉన్నాయి.

సొంత మాటలే కావాలనేవాళ్లు మత్తయి 6వ అధ్యాయం చూపిస్తారు, అన్యజనుల్లా వ్యర్థమైన మాటలు వల్లించవద్దని యేసే చెప్పాడు కదా అని. బిడ్డ తండ్రితో మాట్లాడేటప్పుడు కాగితం చూసి చదువుతుందా అని అడుగుతారు. మన పల్లెల్లో ఈ పద్ధతికి ఇంకో పెద్ద విలువ ఉంది. అక్షరం రాని దళిత ఆడవాళ్లు ఊరందరి ముందు నిలబడి, ఎవరి పుస్తకం అవసరం లేకుండా, అరగంట గుక్క తిప్పుకోకుండా దేవుడితో మాట్లాడగలిగారు. ఊళ్లో ఇంకెక్కడా నోరెత్తనివ్వని కాలంలో అది చిన్న విషయం కాదు.

రెండోవైపువాళ్లూ అదే అధ్యాయం చూపిస్తారు. వ్యర్థమైన మాటలు వద్దన్న రెండు వచనాల తర్వాతే యేసు ఒక ప్రార్థన మాటలతో సహా నేర్పించాడు. ఆయన సిలువ మీద పలికిన మాటల్లో కొన్ని కీర్తనల్లోవే. నూటయాభై కీర్తనలూ ముందే రాసి ఉన్న ప్రార్థనలు కాక మరేమిటి అంటారు.

పెద్ద వయసు దగ్గరకు వచ్చేసరికి ఈ వాదన రంగు మారుతుంది. సొంత మాటల ప్రార్థనకు ఓపిక కావాలి, పేర్లు గుర్తుకు రావాలి, వాక్యం మొదలుపెడితే ఎక్కడ ముగించాలో తెలియాలి. స్ట్రోక్ వచ్చి మాట తడబడే మనిషికి, పేర్లు మరిచిపోతున్న మనిషికి సంఘంలో "మీరు ప్రార్థన చేయండి" అంటే టెన్షన్. నలభై ఏళ్లు అద్భుతంగా ప్రార్థించిన సంఘపెద్ద ఒకరు మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదటికి వచ్చి, మూడోసారి అదే కృతజ్ఞత చెప్పడం చూశాను, పక్కవాళ్లు గట్టిగా "ఆమేన్" అని ముగించేశారు. అలాంటప్పుడు 23వ కీర్తనో, పరలోక ప్రార్థనో, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఒక చరణమో ఊతకర్రలా పనికొస్తుంది. అప్పటిదాకా పుస్తక ప్రార్థనను చిన్నచూపు చూసిన మనిషికి అది పట్టుకోవడం మొదట్లో మనసొప్పదు, అదీ అర్థం చేసుకోవాల్సిందే.

జపమాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలుగా ఒకసారి చెప్పే అయిదు దశకాలకు (పదేసి మంగళవార్త జపాల వరసలకు) పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ జపంతో పాటు ధ్యానించే ఘట్టాల్ని రహస్యాలు అంటారు, సంతోష, దుఃఖ, మహిమ రహస్యాలకు తోడు 2002లో రెండో జాన్ పాల్ పోపు వెలుగు రహస్యాలు చేర్చారు. ప్రొటెస్టెంట్లకు మరియమ్మకు చేసే విన్నపాల మీద సిద్ధాంతపరమైన అభ్యంతరం ఉంది, అది చిన్నది కాదు. ఆ అభ్యంతరాన్ని అలాగే ఉంచి చూసినా, చేతి వేళ్లకు ఒక పని ఇచ్చి మాటల లెక్కను పూసలకు అప్పగించే ఆ పద్ధతి చూపు తగ్గినవాళ్లకు, మంచాన ఉన్నవాళ్లకు ఎందుకు అంత నప్పుతుందో తేలిగ్గానే తెలుస్తుంది.

ఉపవాసం, షుగరు మాత్రలు

శుక్రవారం ఉపవాస కూడిక, శ్రమల దినాల్లో నలభై రోజులు ఒంటిపూట. తెలుగు సంఘాల్లో ప్రార్థనా జీవితం అంటే ఉపవాసం లేకుండా ఊహించలేం. లూకా సువార్తలో అన్న అనే వృద్ధురాలు దేవాలయం విడువక ఉపవాస ప్రార్థనలతో రేయింబగళ్లు సేవ చేసిందని ఉంది కాబట్టి "ఆవిడ చేయలేదా" అన్న ప్రశ్న కూడా వస్తుంది.

వైద్యం వైపు నుంచి చూస్తే లెక్క సూటిగానే ఉంటుంది. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గాని తిండితో సంబంధం లేకుండా షుగరును దించుతాయి. మాత్ర వేసుకుని తినకపోతే షుగరు మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తికమక, ముదిరితే స్పృహ తప్పడం. పెద్దవాళ్లలో ఆ ముందస్తు సూచనలు సరిగ్గా తెలియకపోవచ్చు కూడా. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ ప్రమాదం బాగా తక్కువ. అంటే "షుగరు ఉన్నవాళ్లు" అని అందర్నీ ఒకే గాటన కట్టలేం, ఏ మందు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇంకో సమస్య, ఉపవాసం కోసం ఆ రోజు మాత్ర మానేయడం. దాంతో షుగరు రెండోవైపు ఎగబాకుతుంది.

సంఘాలు దీన్ని ఒకే రకంగా చూడవు. కతోలిక చట్టం అన్నిటికన్నా స్పష్టంగా ఉంది. 1252వ సూత్రం ప్రకారం ఉపవాస నియమం పద్దెనిమిది నిండినవాళ్లకు మొదలై అరవయ్యో ఏడు మొదలవడంతో ముగుస్తుంది. అంటే 59 నిండిన మనిషికి విభూది బుధవారం గాని, పవిత్ర శుక్రవారం గాని ఉపవాసం విధి కాదు, మాంసం మానే నియమానికి మాత్రం పైవయసు పరిమితి లేదు. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఇలాంటి రాతపూర్వక వయసు గీత సాధారణంగా ఉండదు, మనస్సాక్షికీ పాస్టరు గారి సలహాకూ వదిలేస్తారు. ఆ స్వేచ్ఛ మంచిదే, అయితే పక్కింటి ఆవిడ చేస్తుంటే నేను మానితే ఏమనుకుంటారో అన్న మొహమాటం కూడా అందులోంచే వస్తుంది. యెషయా 58వ అధ్యాయం ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టడాన్నే దేవుడు కోరుకునే ఉపవాసం అంటుంది. కొందరు పెద్దవాళ్లు ఆ పూట తాము తిని, దానికి సమానమైన బియ్యం పిడికిలి బియ్యంలో, అంటే వండేటప్పుడల్లా సంఘం కోసం తీసిపెట్టే గుప్పెడు బియ్యంలో, కలుపుతారు. ఉపవాసంలో ఒంటికి తెలిసే ఆకలి ముఖ్యం, దాన్ని డబ్బుతోనో బియ్యంతోనో తీర్చేయలేం అనేవాళ్లూ ఉన్నారు.

మతిమరుపు వచ్చినవాళ్ల ప్రార్థన

అల్జీమర్స్ లాంటి జబ్బుల్లో కొత్త సంగతులు ముందు పోతాయి. పొద్దున ఏం తిన్నామో గుర్తుండదు, చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చిన బంగారు వాక్యం మాత్రం ఉంటుంది. పాటలు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి, రాగం అందుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి. మా బంధువుల్లో ఒక పెద్దావిడ కూతుర్ని "మీరెవరండీ" అని అడిగే స్థితికి వచ్చాక కూడా, పక్కన ఎవరైనా పాత కీర్తన పల్లవి ఎత్తుకుంటే రెండో చరణం తనే అందుకునేది, ఎవరైనా మాట తప్పు పాడితే కనుబొమలు ముడిచేది.

ఇక్కడ కుటుంబాల్ని వేధించే ప్రశ్న వేరే ఉంది. అర్థం తెలియకుండా పలికిన మాట ప్రార్థన అవుతుందా? మనసు పెట్టి చేసిందే ప్రార్థన అని గట్టిగా నేర్పిన సంఘాల్లో ఇది నిజంగా చిక్కు. రోమా పత్రిక 8వ అధ్యాయంలో మనం యుక్తంగా ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడన్న మాటను దీనికి జవాబుగా చెబుతారు. సంఘం మొత్తం ఒకే శరీరం కాబట్టి ఆ మనిషి చేయలేని ప్రార్థనను మిగిలినవాళ్లు మోస్తారన్నది ఇంకో జవాబు. రెండో జవాబుకు ఒక ఆచరణ ఉంది, ఎవరో ఒకరు వెళ్లి మంచం పక్కన కూర్చోవాలి. వీటిలో ఏది చెప్పినా మనిషి మెదడులో అప్పుడు ఏం జరుగుతోందో స్కాన్ తీసి తేల్చగలిగిన సంగతి కాదు.

ఫోన్లో ప్రార్థన, అమెరికా టైమ్

2020లో లాక్‌డౌన్ వచ్చాక తెల్లవారుజాము కాన్ఫరెన్స్ కాల్ ప్రార్థనలు, యూట్యూబ్ ఆరాధనలు పెద్దవాళ్ల ఇళ్లలోకి వచ్చి అలాగే ఉండిపోయాయి. మెట్లు ఎక్కలేని మనిషికి అది నిజమైన మేలు. వాదన ఎక్కడంటే, చూడటం ప్రార్థించడం అవుతుందా అన్న దగ్గర. టీవీలో బోధకుడు ప్రార్థిస్తుంటే సోఫాలో చేతులు ఎత్తినవాళ్లు తాము ప్రార్థించామనే అంటారు. విమర్శించేవాళ్లు మాత్రం, వింటున్న మనిషి పేరు కూడా ఆ బోధకుడికి తెలియదు, యాకోబు పత్రిక రోగి దగ్గరకు సంఘపెద్దలు వెళ్లి ప్రార్థించాలంటోంది కదా అంటారు. పడుకునేదాకా ఒకదాని తర్వాత ఒకటి వీడియోలు వస్తూనే ఉండటం, మధ్యలో కానుకల కోసం క్యూఆర్ కోడ్ రావడం ఇంకో గొడవ, దాని గురించి విడిగా రాయాలి.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో కుటుంబ ప్రార్థన వాట్సాప్ కాల్‌లోకి మారింది. డల్లాస్‌లో కొడుకు రాత్రి తొమ్మిదికి పిల్లల్ని పడుకోబెట్టే ముందు ఫోన్ చేస్తే వేసవిలో ఇక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. నవంబరులో వాళ్ల గడియారం వెనక్కి జరిగాక అదే కాల్ ఎనిమిదిన్నరకు వస్తుంది. షుగరు మాత్ర, టిఫిను, ప్రార్థన ఈ మూడిటి వరస ఆ ఒక్క గంటతో తలకిందులవుతుంది. నానమ్మ ఏడున్నరకే తలమీద ముసుగేసుకుని ఫోన్ ముందు కూర్చుని, కాల్ రాలేదని కంగారుపడుతుంది, మార్చి దాకా ఇదే కథ. చిన్న సంగతే, కానీ పెద్దవాళ్ల ప్రార్థన వేళ ఇంకెవరి గడియారం మీదో ఆధారపడ్డప్పుడు ఇలాగే ఉంటుంది.

ప్రార్థిస్తే ఆరోగ్యం బాగుంటుందా

ఫార్వర్డ్ మెసేజుల్లో "సైన్స్ నిరూపించింది" అని తిరిగే మాట కాబట్టి కాస్త చూద్దాం. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలనలో 23 మంది జపమాల జపాన్ని లాటిన్‌లో చెప్పినప్పుడు, యోగ మంత్రం చెప్పినప్పుడు కూడా, ఊపిరి నిమిషానికి ఆరు సార్లకు నెమ్మదించింది, గుండె లయకు సంబంధించిన కొలతలు మెరుగయ్యాయి. అది నిదానంగా లయతో పలకడం వల్ల వచ్చిన ఫలితం, దేవుడి గురించి అది ఏమీ చెప్పదు.

2006లో అమెరికాలో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం ఫలితం వేరుగా ఉంది. తమ కోసం ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన జరిగినవాళ్లకు 52 శాతం, జరగనివాళ్లకు 51 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవాళ్లలో అది 59 శాతం. ప్రార్థన పనిచేయదనడానికి ఇదే రుజువని కొందరు అన్నారు. పరిచయం లేనివాళ్లు పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం చూసి చేసిన ప్రార్థనను కొలిచి, దేవుణ్ని ప్రయోగశాలకు పిలిచినట్టు చేశారు, ప్రార్థన అంటే అది కాదు అని విశ్వాసులు చాలామంది అన్నారు. ఏ వైపు నిలబడ్డా ఒకటి మాత్రం తేలింది, ఆరోగ్యం కోసం పెట్టుబడిగా ప్రార్థనను అమ్మే మెసేజులకు ఇందులో ఆధారం లేదు.

మనసు ఎండిపోయినట్టు ఉండటం మరో సంగతి. మదర్ థెరిసా 1997లో 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 2007లో బయటికి వచ్చిన ఆమె ఉత్తరాల్లో దాదాపు యాభై ఏళ్లపాటు దేవుని సన్నిధి తెలియని చీకటి గురించి ఉంది, ఆ ఏళ్లన్నీ ఆమె రోజువారీ ప్రార్థన ఆపలేదు. ఇష్టంగా చేసేవన్నీ ఒకేసారి చప్పబడిపోవడం, ఆకలి నిద్ర పోవడం, బతకడం ఎందుకు అనిపించడం మాత్రం వేరే. అది డిప్రెషన్ కావచ్చు, పెద్దవాళ్లలో దాన్ని తరచూ "ప్రార్థన తగ్గింది" అని పొరపడతారు, అది డాక్టరు చూడాల్సిన జబ్బు.

విజ్ఞాపన లిస్టులో చనిపోయినవాళ్ల పేర్లు

డెబ్బై దాటిన మనిషి ప్రార్థన పుస్తకం తెరిస్తే అందులో పేర్ల వరస ఉంటుంది, ఏటా కొన్ని పేర్లు కొట్టేయాల్సి వస్తుంది. భర్త కోసం నలభై ఐదేళ్లు రోజూ ప్రార్థించిన ఆవిడ ఆయన పోయిన మర్నాడు పొద్దున ఆ పేరు దగ్గర ఏం చేయాలి? ఈ ప్రశ్న పాస్టర్లకు ఎంత తరచుగా వస్తుందో బయటివాళ్లకు తెలియదు.

కతోలికులకు జవాబు సూటిగా ఉంది. చనిపోయినవారి కోసం ప్రార్థించవచ్చు, నవంబరు 2న సంఘమంతా చేస్తుంది, పేరు లిస్టులోనే ఉంటుంది. ప్రొటెస్టెంటు సంస్కరణ ఉత్తరించు స్థలం (చనిపోయినవారి ఆత్మలు శుద్ధి పొందే చోటు) అనే బోధను తోసిపుచ్చింది, మరణంతో మనిషి దేవుని చేతుల్లోకి వెళ్లిపోయాడు కాబట్టి ఆ పేరుతో ఇక అడగాల్సింది ఏమీ లేదు అంటారు. సమాధుల పండుగనాడు పువ్వులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడే సంఘాల్లో కూడా పాస్టరు గారి ప్రార్థన బతికున్న కుటుంబం ఓదార్పు కోసమే సాగుతుంది. ఆ విధవరాలు ప్రొటెస్టెంటు అయితే, ఆయన్ను నాకు ఇచ్చినందుకు వందనాలు అని చెప్పుకోవడానికి ఆమె సంఘంలో ఎవరూ అభ్యంతరం చెప్పరు. అంటే ఆయన పేరు విజ్ఞాపన పేజీలోంచి కృతజ్ఞతల పేజీలోకి మారుతుంది. ఆ పేజీ మార్చడానికి కొందరికి వారం పడుతుంది, కొందరు ఎప్పటికీ మార్చరు, అందుకు వాళ్లను నిలదీసిన పాస్టరు గారిని నేనైతే ఇంతవరకూ చూడలేదు.